మెయిన్ బంద్ చేసే మనిషి

బహ్రెయిన్‌లోని సల్మాబాద్ లేబరు క్యాంపులో వెంకటికి ఒక పేరుంది. పొద్దున డ్యూటీకి పోయేటప్పుడు గదిలోంచి ఆఖరున బయటికి వచ్చేది అతనే. కింద బస్సులో అందరూ "యల్లా, యల్లా" అని గొంతు చించుకుంటుంటే, తాపీగా గోడ మీది మెయిన్ స్విచ్ బంద్ చేసి, ఒకసారి వెనక్కి తిరిగి చూసి, అప్పుడు మెట్లు దిగుతాడు. ఫోను చార్జింగులో పెట్టి స్నానానికి పోయినవాడికి తిరిగొచ్చేసరికి చచ్చిన ఫోను. కుక్కర్లో అన్నం సగం ఉడికి ఆగిపోతుంది. తిట్టేవాళ్ళు తిట్టారు, నవ్వేవాళ్ళు నవ్వారు. పదకొండేళ్ళుగా అతను మాత్రం మానలేదు.

పదకొండేళ్ళ కిందట ఇదే సల్మాబాద్‌లో, వేరే క్యాంపులో, ఎవరో ఇస్త్రీపెట్టె వేడి మీదే వదిలేసి డ్యూటీకి పోయారు, గది అంటుకుంది. రాత్రి డ్యూటీ చేసొచ్చి పై మంచం మీద పడుకున్న భూమేష్ మళ్ళీ లేవలేదు. భూమేష్ వెంకటి ఊరివాడే. ఒకే ఏజెంటును పట్టుకుని, ఒకే విమానంలో వచ్చారు. సల్మానియా ఆసుపత్రి మార్చురీలో మనిషిని గుర్తుపట్టడానికి వెంకటినే తీసుకుపోయారు. చేతికున్న రాగి కడియం చూసి గుర్తుపట్టాడు. ఆ పొద్దున గదిలోంచి ఆఖరున వచ్చినవాడెవడో ఎవరికీ తెలియదు. అది తనేనేమోనని వెంకటికి అనుమానం. ఆ అనుమానాన్ని పెళ్ళానికి కూడా చెప్పకుండా లోపలే పెట్టుకున్నాడు.

ఇప్పుడు వెంకటి పని పడవల రేవులో. డబ్బున్నవాళ్ళ పడవలు వరసగా కట్టి ఉంటాయి. వాటిని కడగడం, అడుగున పట్టిన పాచీ నత్తగుల్లలూ గీకడం, తాళ్ళు చూడడం. జగిత్యాల దగ్గర పల్లెలో పుట్టి, చెరువులో చేపలు పట్టే తెప్ప తప్ప మరోటి ఎరగని మనిషికి యాభై ఏళ్ళ వయసులో ఈ పడవల చాకిరీ రాసిపెట్టి ఉంది. అయినా సైటు మీద ఇటుకలు మోసిన వీపుకు ఇది నయమే అనిపించింది.

అక్టోబరులో ఆ రేవుకు ఒక తెరచాప పడవ వచ్చింది. దాని యజమాని ఇటలీ ముసలాయన, పేరు ఎమీలియో, డెబ్భై దాటిన మనిషి. వెంకటి ఆయన్ను కెప్టెన్ సాబ్ అనేవాడు. ఏటా చలికాలం రాగానే మధ్యధరా సముద్రంలో ఏదో ఒక రేవు చూసుకుని పడవ కట్టేసి, వసంతం దాకా చుట్టుపక్కల ఊళ్ళు తిరగడం ఆయన అలవాటు. ఈసారి ఇండియా దాకా వచ్చి, ఇంటికి బయల్దేరేసరికి ఎర్ర సముద్రంలో ఓడల మీద బాంబులు పడుతున్నాయి. ఆ దారి మూసుకుపోతే ఇటు మళ్ళి, చలికాలం బహ్రెయిన్‌లో గడుపుదామని వచ్చాడు. భార్య పోయాక ఊళ్ళో ఇల్లు అమ్మేశాడు. ఆ పడవే ఆయనకు ఇల్లు. లోపల వంట పొయ్యి, పుస్తకాలు, గోడకు ఒక ఆడమనిషి ఫొటో, బుట్టలో నారింజలు.

పడవ ఆలనాపాలనా చూడడానికి కంపెనీ వెంకటిని పంపింది. కరెంటు పనులన్నిటికీ రేవు మొత్తానికి ఒకడే ఎలక్ట్రీషియన్, రషీద్. కోరుట్ల వాడు, ముప్ఫై ఎనిమిదేళ్ళుంటాయి, క్యాంపులో వెంకటి గదిలోనే ఉంటాడు. నోరు తెరిస్తే ఆగడు, ఎవరి కబురైనా సాయంత్రానికల్లా క్యాంపు అంతా చేరవేస్తాడు. వెంకటిని "అన్నా" అంటాడు, వెంకటి భార్య జమునను చూడకపోయినా "వదిన" అంటాడు. అతని కొడుకు ఖుర్రంకు మూడేళ్ళు. వాడు పుట్టాక రషీద్ ఇంటికి పోలేదు. వాడు ఫోన్లో తండ్రిని చూసి, అద్దానికి మూతి ఆనించి ముద్దులు పెడతాడు. రంజాన్ అయిపోగానే సెలవు మీద పోయి వాణ్ణి ఎత్తుకోవాలని రషీద్ రోజులు లెక్కపెట్టుకుంటున్నాడు.

వెంకటికి అంతకన్నా తొందర. జమున కళ్ళు పోతున్నాయి. కంటి లోపల ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోయే జబ్బు. కుడికన్ను అప్పుడే పోయింది. ఎడమకన్నులో పక్కలు కనబడవు, నట్టనడుమ రూపాయి బిళ్ళంత చూపు మిగిలింది. కరీంనగర్ డాక్టరు ఉగాది దాకా ఉంటే ఎక్కువన్నాడు. ఆమె వీడియో కాల్ చేస్తే ఫోను కంటికి అంత దగ్గర పెట్టుకునేది, ఇటు వెంకటికి తెర నిండా ఒక్క కన్నే కనబడేది.

"ఫోన్ల నీ మొఖం సక్కగ కనవడ్తలేదు. అంత మసక మసక," అంది ఒకసారి. "ఆరేండ్లాయె నిన్ను జూడక. ఉన్న చూపు ఉండంగనే రా. ఒక్కపారి కడుపునిండ జూసుకుంట. అటెన్క పోతే పోనియ్యి."

కంపెనీ మారడమో, కరోనానో, ఇంటి మీద స్లాబో, ఏదో ఒకటి అడ్డం పడుతూ ఆరేళ్ళు గడిచిపోయాయి. ఆ మాట విన్న మర్నాడే వెంకటి వీసా క్యాన్సిల్ చేయమని ఆఫీసులో కాగితం పెట్టాడు. ఫిబ్రవరి ఆఖరికి విడుదల. ఇక గల్ఫ్ మొహం చూడనని జమునకు ఒట్టేశాడు.

కెప్టెన్‌కు కాలు ఒకచోట నిలవదు. శుక్రవారం రాగానే కారు అద్దెకు తీసుకునేవాడు. రషీద్ నడిపేవాడు, వెంకటి వెనక కూర్చునేవాడు. "నువ్వు పద్నాలుగేళ్ళుగా ఇక్కడున్నావు, నాకు ఊరు చూపించు" అని వెంకటిని అడిగాడు ముసలాయన. వెంకటి సిగ్గుపడ్డాడు. అతనికి తెలిసిన బహ్రెయిన్ నాలుగు ముక్కలే: సల్మాబాద్ క్యాంపు, సైటు, మనామా బజారు, సల్మానియా మార్చురీ. చివరికి ముసలాయనే ఇద్దరికీ ఊరు చూపించాడు. సముద్రం ఒడ్డున పాత కోట చూశారు. ఎడారి నడుమ ఒంటిగా నిలబడ్డ చెట్టు చూశారు. నీళ్ళెక్కడివో తెలియకుండా అదెలా బతుకుతోందని రషీద్ దాని చుట్టూ మూడుసార్లు తిరిగాడు.

ఒక శుక్రవారం ఆలీ ఊరికి పోయారు. ఇళ్ళ మధ్యన, రోడ్ల పక్కన, ఎటు చూసినా మట్టి దిబ్బలు. అన్నీ నాలుగువేల ఏళ్ళ నాటి సమాధులని, ఒక్కొక్క దాంట్లో మనిషిని మోకాళ్ళు ముడిచి పక్కకు పడుకోబెట్టి, తలాపున ఒక కుండ పెట్టేవారని కెప్టెన్ తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాడు. ఇన్ని సమాధులు చూసి, వేరే దేశాల నుంచి శవాల్ని తెచ్చి పూడ్చారని కొందరు అనుకునేవారట. కాదు, ఇక్కడే బతికి ఇక్కడే పోయినవాళ్ళేనట.

"అప్పుడు ఇంటికి శవం బాక్సు పంపే కత లేకుండె గద అన్నా," అన్నాడు రషీద్. "సచ్చినోన్ని సచ్చిన కాన్నే పెట్టిన్రు. ఎంబసీ లేదు, పనిచ్చిన కఫీల్ సంతకం లేదు. ఖలాస్."

రషీద్ పగలబడి నవ్వాడు. వెంకటికి నవ్వు రాలేదు. భూమేష్ బాక్సు ఇరవై రెండు రోజులకు ఊరు చేరింది. అందాకా వాళ్ళమ్మ పొయ్యి ముట్టించలేదని తర్వాత విన్నాడు.

నవంబరు నెలాఖరున కెప్టెన్‌కు గుండెలో నొప్పి వచ్చింది. ఆపరేషన్ చేయించుకోవాలి, ఇటలీ పోతున్నానన్నాడు. పోయే ముందు పడవంతా తిప్పి వెంకటికి అన్నీ చెప్పాడు. అడుగున, పడవను తోసే ఫంకా ఇరుసు బయటికి పోయేచోట, నీళ్ళు బొట్లుబొట్లుగా కారుతున్నాయి. జనవరిలో క్రేన్ ఖాళీ అయ్యాక పైకి ఎత్తి బాగు చేస్తారు. అందాకా లోపల ఒక చిన్న పంపు ఉంది, నీళ్ళు చేరినప్పుడల్లా దానంతటదే తోడి బయటికి పోస్తుంది. దానికి కరెంటు జెట్టీ మీది డబ్బా నుంచి వస్తుంది. కరెంటు పోతే బ్యాటరీ ఒక రోజు నడుపుతుంది, అంతకన్నా నడపదు, పాతబడింది. ఇంత చెప్పి ముసలాయన డబ్బా మూత తీసి, స్విచ్ మీద ఎర్ర టేపు అతికించి, వెంకటి కళ్ళలోకి చూసి, "ఇది మాత్రం ఆపకు" అన్నాడు.

వెంకటి తల ఊపాడు. ఆ డబ్బాను ముట్టుకునే అధికారం అతనికి ఎలాగూ లేదు. కరెంటు సామాను ఎలక్ట్రీషియనే ముట్టాలి. లేబరు ముడితే వార్నింగ్ లెటరు, అది కంపెనీ రూలు.

రెండు వారాలు ఆ టేపును చూసుకుంటూ తిరిగాడు. మనిషి లేని ఇంట్లో కరెంటు వెలుగుతూ ఉండడం అతని ప్రాణానికి పడలేదు. అయినా ముట్టలేదు.

డిసెంబరులో జాతీయ దినం సెలవులకు ముందురోజు మబ్బు పట్టింది. రెండు గంటలకు రషీద్ జెట్టీలన్నీ తిరిగి, ప్రతి డబ్బా తెరిచి చూసి, అన్నీ సరిగా ఉన్నాయని రిజిస్టరులో సంతకం పెట్టి వెళ్ళిపోయాడు. నాలుగింటికి వాన దంచి కొట్టడం మొదలైంది. ఏడాదికోసారి పడే వాన, పడితే బకెట్లతో గుమ్మరించినట్టే. ఐదింటికి వెంకటి పడవ తాళ్ళు బిగించి వెనక్కి వస్తుంటే డబ్బాలోంచి చిటచిట శబ్దం వినబడింది. మూత సందులోంచి నీళ్ళు లోపలికి పోతున్నాయి. తీగ కాలుతున్న వాసనో, అతని భ్రమో.

ఆ వాసన వెంకటికి పదకొండేళ్ళుగా తెలుసు.  ఫోను తీసి రషీద్‌ను పిలవాలని తోచలేదు. మూత తెరిచాడు, ఎర్ర టేపు మెల్లగా ఊడదీశాడు, స్విచ్ బంద్ చేశాడు. శబ్దం ఆగిపోయింది. ఏ వస్తువూ పారేయడం చేతకాని మనిషి, ఆ టేపును మూత లోపలి వైపు, చివర కొంచెం మడిచి, మళ్ళీ ఊడదీయడానికి వీలుగా అతికించాడు. సెలవైనా పొద్దున్నే వచ్చి, డబ్బా ఆరాక, మళ్ళీ ఆన్ చేద్దామనుకున్నాడు. ఒక్క రాత్రికి బ్యాటరీ ఉంది కదా. లెక్క సరిగ్గానే వేసుకున్నాడు పాపం.

పొద్దున క్యాంపు ముందుకు వచ్చిన బస్సు రేవుకు పోలేదు. సల్మాబాద్ గోదాములన్నీ మోకాలి లోతు నీళ్ళలో ఉన్నాయి. రేవుకు సెలవు, మీరంతా నీళ్ళు తోడడానికి పదండి, డబుల్ ఓవర్‌టైం అన్నాడు సూపర్‌వైజర్ లోవరాజు. వెంకటి చేతిలో మోటారు గొట్టం పెట్టారు. ఆ రోజంతా, మర్నాడంతా ఎవరివో టైర్ల గోదాములోంచి నీళ్ళు తోడి రోడ్డు మీద పోశాడు.

మొదటి రోజు మధ్యాహ్నం, రొట్టె నోట్లో పెట్టుకోబోతుంటే, స్విచ్ గుర్తొచ్చింది. గుర్తొచ్చింది అనడం కూడా అబద్ధమే, పొద్దుట్నించీ అది మనసులో గుచ్చుతూనే ఉంది. ఫోను తీశాడు. రషీద్ నంబరు తెర మీదికి తెచ్చాడు. ఒక్క మాట చాలు, 'తమ్మీ, జర పోయి ఆ డబ్బా ఆన్ చెయ్' అంటే చాలు. సెలవు రోజైనా రషీద్ సైకిలు మీద పోయి వచ్చేవాడు.

కాని రషీద్ కడుపులో మాట ఆగదు. వెంకటన్న రేవులో కూడా మెయిన్ బంద్ చేసిండంట అని సాయంత్రానికి క్యాంపు అంతా నవ్వుతుంది. ఆ నవ్వు లోవరాజు చెవిన పడుతుంది. వార్నింగ్ లెటరు వస్తే, ఆఫీసులో ఉన్న క్యాన్సిల్ కాగితం ఆగిపోతుంది. ఫిబ్రవరి అన్నది ఏప్రిల్ అవుతుంది. ఉగాది దాటిపోతుంది. వెంకటి ఫోను జేబులో పెట్టేశాడు. బ్యాటరీ ఇంకో పూట నడపకపోతుందా అనుకున్నాడు.

మూడో రోజు పొద్దున రేవుకు పోయేసరికి జెట్టీ చివర జనం మూగి ఉన్నారు. పడవ పైకప్పు దాకా మునిగిపోయింది. తెరచాప స్తంభం పక్కకు ఒరిగి ఉంది. నీళ్ళ మీద నారింజలు తేలుతున్నాయి, ఒక దిండు, ఉబ్బిన పుస్తకాలు. రషీద్ అందరికన్నా ముందే వచ్చి డబ్బా పక్కన, చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. వెంకటి వైపు ఒకసారి చూశాడు. మళ్ళీ నీళ్ళకేసి తిరిగాడు. 

రెండు రోజుల తర్వాత లోవరాజు వెంకటిని ఆఫీసుకు పిలిచాడు. కాకినాడ దగ్గరి మనిషి, చెడ్డవాడు కాదు, పైవాళ్ళకు జవాబు చెప్పుకోవలసిన వాడు. పక్కన ఇన్సూరెన్స్ నుంచి వచ్చిన మనిషి ఒకడు కాగితాలు ముందేసుకుని కూర్చున్నాడు.

"ఇదిగో వెంకటీ, ఉన్నదున్నట్టు చెప్పు," అన్నాడు లోవరాజు. "డబ్బాలో స్విచ్ ఆపేసుంది. దానంతటది పడిపోలేదు, చేత్తో ఆపిందేనంటున్నారు వీళ్ళు. చివరి జెట్టీకి కెమెరా అందదు. ఆ రోజు రషీద్ ఆ డబ్బా దగ్గరికెళ్ళడం నువ్వు చూసేవా?"

గదిలో ఏసీ చల్లగా ఉంది. వెంకటి వీపున చెమట కారింది.

"చూసిన సార్."

"డబ్బా తెరిచేడా?"

"తెర్సిండు."

"ఆ తర్వాత ఇంకెవరన్నా అటెళ్ళేరా?"

"ఆన పడ్తుండె సార్. ఎవల్ని జూడలే నేను."

ఒక్కటీ అబద్ధం కాదు. రషీద్ వెళ్ళాడు, తెరిచాడు, ఆ తర్వాత వెంకటి ఇంకెవరినీ చూడలేదు. తనను తాను ఎలాగూ చూసుకోలేదు. బయటికి వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డప్పుడు, తను అబద్ధమాడలేదని మూడుసార్లు అనుకున్నాడు. 

రషీద్ మీద కేసు రాశారు. నిర్లక్ష్యం వల్ల నష్టం. కేసు తేలేదాకా దేశం దాటడానికి లేదని పాస్‌పోర్టు మీద ఆంక్ష పెట్టారు. ఉద్యోగం ఉంటుంది, జీతంలో కోత పడుతుంది, సెలవు మాత్రం లేదు. రంజాన్ తర్వాత లేదు, ఎప్పుడో తెలియదు. ఆ సాయంత్రం రషీద్ మంచం మీద కూర్చుని భార్య మెహరున్నిసాకు ఫోను చేశాడు. ఏం చెప్పాడో వెంకటి వినలేదు. ఖుర్రం ఫోనుకు ముద్దులు పెట్టే చప్పుడు మాత్రం గది అంతా వినబడింది.

వెంకటి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మనిషికి తన తప్పును మోయడానికి వీలుగా ముక్కలు చేసుకోవడం బాగా వచ్చు. రషీద్‌ది చిన్న వయసు, కేసు ఆర్నెల్లకో ఏడాదికో తేలుతుంది అనుకున్నాడు. కొడుకు కళ్ళు ఎక్కడికీ పోవు, నాలుగో ఏట చూసినా తండ్రిని చూస్తాడు. జమున కళ్ళకు ఏడాది లేదు. ఊరికి పోయి, ఆమెకు మొహం చూపించి, ఆ తర్వాత లోవరాజుకు ఫోను చేసి నిజం చెప్పేస్తే సరి. ఇలా అనుకున్నాక కొంచెం నిద్ర పట్టింది.

ఫిబ్రవరిలో కెప్టెన్ వచ్చాడు. ఆపరేషన్ తర్వాత సగానికి తగ్గిపోయాడు, చొక్కా వేలాడుతోంది. పడవను క్రేనుతో పైకి లేపి యార్డులో దిమ్మల మీద నిలబెట్టారు. లోపలంతా ఎండిన బురద, ఉప్పు, కుళ్ళు వాసన. వెంకటి, ముసలాయన కలిసి నాలుగు రోజులు అందులోంచి ఆయన సంసారాన్ని బకెట్లతో బయటికి మోశారు. గోడ మీది ఆడమనిషి ఫొటోలో మొహం కరిగిపోయి, మెడ దగ్గరి పూసల దండ మాత్రం మిగిలింది. ముసలాయన దాన్ని ఎండలో ఆరబెట్టి, పక్కనే కూర్చున్నాడు.

"ఎవరి మీదా నాకు కోపం లేదు," అన్నాడు. "రషీద్ మంచివాడు. కాని కాగితం మీద ఒక పేరు లేకపోతే ఇన్సూరెన్స్ వాళ్ళు పైసా ఇవ్వరు. ఇది తప్ప నాకు ఇల్లు లేదు."

వెంకటి చేతిలో తడి పుస్తకం ఉంది. పేరు ఏదైతేనేం, ఒక పేరే కదా కావలసింది. 'నా పేరు రాయి సాబ్' అనే మాట గొంతు దాకా వచ్చింది. టికెట్టు ఇరవై ఏడో తారీఖుకు. ఇంకా తొమ్మిది రోజులు.

"సాబ్, ఎండ జోరుంది. లోపట కూసోరాదుండ్రి," అన్నాడు తెలుగులోనే. ముసలాయనకు అర్థం కాక, నవ్వి ఊరుకున్నాడు.

ఇరవై ఏడు సాయంత్రం వెంకటి సామాను కట్టుకుని క్యాంపు బయటికి వస్తే, రషీద్ కంపెనీ పికప్ పెట్టుకుని ఉన్నాడు. "నడు అన్నా, నేను ఇడుస్త" అన్నాడు.  వంతెన దాటేటప్పుడు ఎడమవైపు సముద్రం ఎర్రగా ఉంది. ఎయిర్‌పోర్టు ముందు బండి ఆపి, అట్టపెట్టె దించి, ట్రాలీ మీద పెట్టి, తాడు ముడి మళ్ళీ ఒకసారి బిగించాడు.

"ఆ ఎర్ర టేపు నేనే పీకి పారేసిన," అన్నాడు ముడి వైపే చూస్తూ.

వెంకటి తల ఎత్తి అతని వైపు చూశాడు.

"ఆ రోజు పొద్దుగాల, లోవరాజు రాకముందే. మూత తెర్వంగనే కనవడ్డది. ఊడదీసి, మల్ల పనికొస్తదని కొసకు మడిచి అతికిచ్చేటోడు ఈ బహ్రెయిన్ల ఇంకెవడున్నడే అన్నా? పదకొండేండ్ల సంది నువ్వు మెయిన్ బంద్ జేసుడు జూస్తలేనా?"

"తమ్మీ..."

"నీ పేరు నా నోట్ల నుంచి ఎందుకెల్లాలె అనుకున్న. నువ్వే జెప్తవ్, జర దైర్నం రానీ అనుకున్న. రోజు జూసిన. బస్సుల జూసిన, గదిల జూసిన." రషీద్ ముడి వదిలేశాడు. చొక్కా చేతితో మొహం తుడుచుకున్నాడు. "ఇగ ఇయ్యాల గూడ జెప్పకపోతివి."

వెంకటి ట్రాలీ పట్టుకుని నిలబడిపోయాడు. వెనక్కి తిరిగి, బండెక్కి, లోవరాజు దగ్గరికి పదమంటే పది నిమిషాల దారి. ట్రాలీ చక్రం ముందుకు తిరిగే ఉంది. లోపల స్పీకర్లో హైదరాబాద్ విమానం పేరు చదువుతున్నారు.

"ఊరికి పోంగనే ఫోన్ జేసి జెప్త తమ్మీ. మా జమున మీద ఒట్టు."

"వదినకు నా సలాం జెప్పు," అన్నాడు రషీద్. బండెక్కి వెళ్ళిపోయాడు.

మర్నాడు దీపాలవేళకు వెంకటి ఊరు చేరాడు. ఇంట్లో ఉన్న బల్బులన్నీ వెలుగుతున్నాయి. వాకిట్లోది, వంటింట్లోది, గూట్లో చిన్నది కూడా. వెలుతురు ఎంతుంటే అంత బాగా కనబడుతుందని జమున పక్కింటివాళ్ళ దగ్గర ఇంకో పెద్ద బల్బు అడిగి తెచ్చి, నడుమ గదిలో పెట్టించింది. తలకు నూనె రాసుకుని, కొత్త చీర కట్టుకుని, ఆ బల్బు కింద కుర్చీ వేయించి పెట్టింది. ఆ కుర్చీ అతనికి.

"ఈడ కూసో. కదలకు," అంది.

రెండు చేతులతో అతని గడ్డం పట్టుకుని, మిగిలిన ఆ రూపాయి బిళ్ళంత చూపును మొహం మీద కొంచెం కొంచెంగా జరుపుకుంటూ పోయింది. ముందు నుదురు. తర్వాత నెరిసిన కనుబొమ్మలు. చెంప మీది పాత మచ్చ. ప్రతి చోటా ఆగి, కడుపునిండా చూసుకుని, అప్పుడు పక్కకు జరిగింది. నవ్వుతోంది. ఆరేళ్ళ నుంచి వెంకటి బతికింది ఆ నవ్వు కోసమే. ఆ చూపు కళ్ళ దగ్గరికి వచ్చేసరికి అతను కళ్ళు మూసుకున్నాడు.

"కండ్లు దెరువు. కండ్లు జూడనియ్యి," అంది జమున.

తెరిచాడు. ఆమె ఎడమకన్ను జానెడు దూరంలో ఉంది. అది అతని లోపలికి చూస్తోందో, కంటిపాపనే చూస్తోందో తెలియదు. జేబులో ఫోను ఉంది. ఒట్టు పెట్టింది ఈమె మీదే.

"ఏం మారలే నువ్వు," అంది జమున సంబరంగా. "అప్పుడెట్ల పోయినవో గట్లనే ఉన్నవ్."

వెంకటి లేచాడు. మంచినీళ్ళు తాగొస్తానని గొణిగి, గోడ పట్టుకుని నడవాలోకి పోయాడు. అక్కడ, తలుపు పక్కన, ఇల్లు కట్టినప్పుడు తనే ఫోన్లో చెప్పి మరీ పెట్టించుకున్న మెయిన్ స్విచ్ ఉంది. చెయ్యి దానంతటదే లేచింది. ఇంట్లో బల్బులన్నీ ఒక్కసారే ఆరిపోయాయి.

"అయ్యో, కరెంటు పోయిందా?" అంది జమున చీకట్లోంచి. "ఇంక సగం గూడ జూడకపోతి."

ఇన్నాళ్ళూ ఒక్క అబద్ధమూ ఆడలేదని చెప్పుకుంటూ వచ్చినవాడు, స్విచ్ మీద చెయ్యి తీయకుండానే అన్నాడు.

"ఆఁ, పోయింది."

"ఎప్పుడొస్తదో ఏమో. దగ్గరికొచ్చి కూసో, వచ్చినంక జూస్త," అంది ఆమె. కుర్చీని తన వైపు లాక్కుంటున్న చప్పుడు వినబడింది.